రెండు ఎండాకాలాలు

మా బావ యాదగిరి కాలం చేసిన రెండు నెలలకు అక్క ఫోన్ చేసింది. ఆయన బిస్కెట్ డబ్బా సర్దుతుంటే అడుగున ఒక కాగితం దొరికిందనీ, ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు బావ చేతిరాత ఉందనీ చెప్పింది. "ఎనుక పక్క తెలుగే, కూడబలుక్కొని చదివిన. ముందర పక్క నీ ఇంగిలీషు. పైన నీళ్ళు దుంకే బొమ్మ ఉన్నది. జర వచ్చి అదేందో చెప్పి పో తమ్మీ" అంది. "నీ ఇంగిలీషు" అనడంలో ఆమెకు వేరే ఉద్దేశమేమీ లేదు. మా ఇంట్లో ఇంగ్లీషు అన్నదంతా నాదిగానే లెక్క. కానీ ఆ జలపాతం బొమ్మ నాకు తెలుసు. దాని కింద అక్షరాలు నేను రాసినవే. ఆ కాగితం ఎప్పుడో పోయి ఉంటుందని పాతికేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. గోపన్‌పల్లిలో నా ఫ్లాటుకూ నానక్‌రామ్‌గూడలో అక్క ఇంటికీ షేర్ ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరం వెళ్ళడానికి నాకు పది రోజులు పట్టింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకప్పుడు పన్నెండేళ్ళు, ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. బావ బోరు బండి మీద డ్రిల్లరు. ఊరూరా తిరిగి పొలాల్లో, కొత్త కాలనీల్లో బోర్లు వేసేవాడు. ఎండాకాలమంతా ఆయన ఇంటికి వచ్చే తీరు ఒక్కటే. ముందుగా వాసన వచ్చేది: డీజిలు, గ్రీజు, వాటి అడుగున తడిసిన రాతిపొడి వాసన, కుండలో కొత్తగా నీళ్ళు పోసినప్పుడు వచ్చేలాంటిది. ఆ వెనక మనిషి వచ్చేవాడు, కనుబొమ్మల మీద, చెవుల్లో, మెడ మడతల్లో తెల్లటి పొడితో. అక్క కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి, ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. నానబెట్టకపోతే ఆ పొడి సిమెంటులా బిగుసుకునేది. స్నానం చేసి, జొన్నరొట్టె పచ్చిపులుసులో తుంచుకు తిన్నాక ఆయన తన బిస్కెట్ డబ్బా తెరిచేవాడు. వేసిన ప్రతి బోరు నుంచి చిటికెడు రాతి ముక్కలు తెచ్చి, కాగితంలో పొట్లం కట్టి, ఊరి పేరూ ఎన్ని అడుగుల లోతులో వచ్చిందీ రాసి పెట్టుకోవడం ఆయనకు అలవాటు. ఎవరూ చెయ్యమనలేదు. యజమానికి అక్కరలేదు. "భూమి లోపల ఏమున్నదో చూసినోడు ఊకె మర్చిపోతె ఎట్ల?" అనేవాడు.

వానాకాలం వస్తే బండి కదిలేది కాదు. రేగడి నేలలో లారీ దిగిందంటే ఇక దాన్ని తీయడానికి ఇంకో లారీ కావాలి. మృగశిర కార్తె ఎప్పుడొస్తుందా అని ఊరంతా ఎదురు చూస్తుంటే, రోహిణి ఇంకో రెండు నెలలు సాగితే బాగుండునని కోరుకునే మనిషి మా ఇంట్లో ఉండేవాడు. "వాన వద్దంటవా? నీ నోట్ల మన్ను వడ" అని అక్క తిట్టేది. "వానవడితె రైతు దున్నుతడు, కప్ప ఒర్లుతది. నేనేం జెయ్యాలె చెప్పు?" అని గడప మీద కూర్చుని బీడీ వెలిగించేవాడు. ఆ నాలుగు నెలలూ గడపే ఆయన చోటు. మృగశిర ప్రవేశించిన నాడు మాత్రం చెరువు కాడికి పోయి చేపలు తెచ్చేవాడు. అక్క ఇంగువ బెల్లంలో కలిపి చిన్న ఉండలు చేసి మా ఇద్దరి చేతా మింగించి, చింతపులుసు, మెంతులు వేసి చేపల కూర వండేది. నేను వేరు కాపురం పెట్టాక కూడా ఏటా ఆ రోజు నా వాటా స్టీలు క్యారేజీలో వచ్చేది. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

నేను బి.ఏ. పూర్తి చేసిన రోజుల్లో మాదాపూర్ వైపు కొండరాళ్ళు పేలుస్తుండేవారు. మధ్యాహ్నం అన్నం తింటుంటే కిటికీ రెక్కలు అదిరేవి. "గ్రానైటు. గిది బోరుకు లొంగదు, మందుకే లొంగుతది" అని చప్పుడు విని బావ చెప్పేవాడు. రాళ్ళు పోయిన చోట గుండ్రటి భవనం ఒకటి లేచింది, చుట్టూ రోడ్లు పడ్డాయి, ఇంగ్లీషు వచ్చిన కుర్రాళ్ళకు కంప్యూటర్లు లేని రోజుల్లో ఊహించని ఉద్యోగాలు పుట్టాయి. నాకు దొరికింది అలాంటిదే. ఒక ఇంటి పై అంతస్తులో ఎనిమిది కంప్యూటర్లు, ఒక ఫాక్స్ మిషను, మూర్తిగారనే గోదావరి జిల్లా యజమాని. ఇంగ్లండులో ఒక యాత్రల కంపెనీ ఇంటర్నెట్‌లో పెట్టబోయే పేజీలు మేము రాయాలి. ఏ దేశానికి ఏ కాలంలో వెళ్ళాలి, అక్కడ ఎండ ఎంత, వాన ఎంత, ఎలాంటి బట్టలు తీసుకెళ్ళాలి. హైదరాబాదు దాటి తిరుపతి తప్ప మరో ఊరు చూడని నేను నెలకు పది దేశాల వాతావరణం రాసేవాణ్ణి. రాత్రి రొట్టెలు తింటూ వాటి గురించి చెబుతుంటే అక్క నోరు తెరుచుకుని వినేది. నా గొంతులో ఒక కొత్త బరువు వచ్చింది. అది నాకు నచ్చింది.

జాంబియా వంతు వచ్చిన రోజున ఫాక్స్ కాగితం పై అంచు నలిగి వచ్చింది. పట్టికలో పన్నెండు గళ్ళు, వాటిలో వాన అంకెలు, ఎండ అంకెలు. నెలల పేర్లుండే పై వరుస పడలేదు. మళ్ళీ పంపమని అడగాలంటే మూర్తిగారికి చెప్పాలి, ఆయన ఇంగ్లండుకు ఫోన్ చెయ్యాలి. వారం కిందటే ఒకటి అడిగి, "ప్రతిదానికీ అడిగితే ఇక నువ్వెందుకయ్యా" అనిపించుకుని ఉన్నాను. కాబట్టి అంకెల్నే చూస్తూ కూర్చున్నాను. మొదటి గడిలోనే వాన చాలా ఎక్కువగా ఉంది. జనవరిలో ఎక్కడైనా అంత వాన కురుస్తుందా? మధ్యలో వరుసగా సున్నాలు. సున్నాలంటే మనకు సంక్రాంతి ముందూ వెనకా. అంటే ఈ పట్టిక జనవరితో కాదు, జూలైతో మొదలవుతోంది అనుకున్నాను. మొదటి గడి మీద పెన్సిలుతో జూలై అని రాసి మిగతావి వరుసగా దించాను. అన్నీ సరిగ్గా కుదిరాయి. ఎండ ముదిరేది ఏప్రిల్‌లో, వాన దంచేది జూలైలో, ఆకాశం తేటపడేది డిసెంబరులో. అచ్చం మన హైదరాబాదు. భూమికి దక్షిణ సగం ఒకటుందనీ, అక్కడ రుతువులు తిరగబడి ఉంటాయనీ ఏడో తరగతిలో చదివినవాణ్ణే. కానీ నా కిటికీ బయట ఉన్న ఆకాశమే లోకమంతటి ఆకాశం అన్నట్టుగా ఆ అంకెల్ని దాని కిందికి లాగాను. "జాంబియా చూడడానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి" అని రాసి, ఎంత తెలివిగా చిక్కు విప్పానో అని టీ తాగాను.

ఇది జరిగిన నెలకు బావ ఒక సాయంత్రం గడప దాటుతూనే కేక వేశాడు. "బామ్మర్ది! నువ్వు దేశాలన్ని రాస్తున్నవ్ గద, జాంబియా రాసినవా?"

"మొన్ననే రాసిన బావా. ఎందుకు?"

"ఇగ ఫికరేంది! జాంబియా సర్కారు మన ఇంట్లనే రొట్టె తింటున్నది." చెప్పులు విడిచి నా పక్కనే కూలబడ్డాడు. ఆయన కంట్రాక్టరు అక్కడి పల్లెల్లో బోర్లు వేసే పని పట్టాడు. ఒక జట్టు మే నెలాఖరుకు పోతుంది, ఇంకొకటి దీపావళి వెళ్ళాక. దేంట్లో పోతావో నువ్వే చెప్పమన్నాడట. "అక్కడ వానలెప్పుడు పడతయో చెప్పు. కంట్రాక్టరుకు గూడ ఎరుక లేదు."

"మన లెక్కనే బావా. జూన్ల మొదలైతె సెప్టెంబర్ దాక."

ఆయన ముఖం వాడిపోయింది. "అరె. అక్కడ గూడ గిదే వానకాలమా? మనకు వానలు వడ్డప్పుడు అక్కడ ఎండ ఉంటదేమో అనుకున్న. గిక్కడి ఎండకాలం గిక్కడ చేసి, విమానమెక్కి పోయి అక్కడి ఎండకాలం అక్కడ చెయ్యాలని. ఏడాదికి రెండు ఎండకాలాలు. డ్రిల్లరుకు అంతకన్న ఏం గావాలె?"

"రెండు ఎండకాలాలు ఎండితె వడియమైతవ్" అంది అక్క లోపలి నుంచి.

"వడియమైతె ఏంపాయె, నువ్వే ఏంపుకొని తిను."

ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఎక్కువ నవ్వాను. "దేవుడు అట్ల పంచిపెట్టడు బావా. వానకాలమంటె వానకాలమే. దీపావళి అయినంక పో, ఎండ మంచిగుంటది" అన్నాను. దేవుడు సరిగ్గా ఆయన కోరుకున్నట్టే పంచిపెట్టి ఉన్నాడు. ఇక్కడ బండి పండుకునే నాలుగు నెలలూ అక్కడ చుక్క పడదు. ఆయన చదువుకోకుండా, లెక్క వెయ్యకుండా, కేవలం ఆశ కొద్దీ అన్న మాట నిజం. నేను కాగితం చూసి చెప్పింది అబద్ధం. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరి మాటకు విలువ ఉండాలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. మే నెలాఖరున బావ స్థానంలో మల్లేశ్ అనే ఇంకో డ్రిల్లరు వెళ్ళాడు.

వానాకాలం నడుమ, బావ మళ్ళీ గడప మీద ఉన్న రోజుల్లో, మల్లేశ్ తన ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళ ఆవిడ ఆ మాట మోసుకొచ్చింది. "చుక్క వాన లేదంట బామ్మర్ది. పొద్దుగాల చలి వెడుతదంట. దినానికొక బోరు ఏస్తున్నరంట" అన్నాడు బావ. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, అడగడమే ఉంది. అప్పుడైనా ఆగి ఉండవచ్చు. ఆ దేశంలోనే నిలబడి ఉన్న మనిషి చెబుతున్నాడు. నేనేమో, "ఈ ఏడు అక్కడ వాన తప్పినట్టున్నది బావా, కరువు. దేశమంటె ఒక్క ఊరా? కాగితం మీద ఉన్నది గద" అన్నాను. మర్నాడు ఆఫీసులో ఎవరూ చూడకుండా ఆ పేజీని రంగుల్లో అచ్చు తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను, ఇక ఆ మాట మళ్ళీ ఎత్తకుండా. పైన జలపాతం, కింద నా పట్టిక. ఆయన దాన్ని తడి తుడుచుకున్న చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పాస్‌పోర్టు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో దాచాడు.

ఆయన ప్రయాణానికి పదకొండు రోజుల ముందు మూర్తిగారు నన్ను గదిలోకి పిలిచారు. ఇంగ్లండు నుంచి మెయిల్ వచ్చింది.

"ఏమయ్యా శంకర్, ఇదేమిటి? జాంబియాలో వాన కురిసే నెలల్లో యాత్రలు చెయ్యమన్నావు. భూమధ్యరేఖ దాటితే కాలాలు మారతాయని మీ బళ్ళో చెప్పలేదా?"

"చెప్పారండీ."

"చెబితే మరి?"

"ఫాక్స్‌లో నెలల పేర్లు పడలేదండీ."

"పడకపోతే అడగాలయ్యా. నోరుంది కదా." ఆయన కోపం అంతటితో అయిపోయింది. "సర్లే, ఇంకా పైకి ఎక్కించలేదు కాబట్టి బతికిపోయాం. మార్చెయ్, పో."

మార్చాను. ఆరు గళ్ళు అటు, ఆరు గళ్ళు ఇటు. రెండు నిమిషాల పని. అనువైన కాలం మే నుంచి సెప్టెంబరు. డబ్బు పెట్టి సరదాకి తిరిగే మనుషులకు సరైన పేజీ అందింది. తప్పు పేజీ లోకంలో ఒక్కటే ప్రతి మిగిలింది, అది మా బావ దగ్గర.

చెప్పెయ్యాలనే ఇంటికి వచ్చాను. వచ్చేసరికి అక్క ప్రయాణానికి గరిజలు చేస్తోంది. ఇల్లంతా వేగిన నూనె, బెల్లం వాసన. ఇరుగుపొరుగు వాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు, బావ వాళ్ళకు ఆ కాగితం చూపిస్తున్నాడు. "మా బామ్మర్ది రాసిండు. గిది చదివే తెల్లోళ్ళు విమానం ఎక్కుతరంట" అని అందరి ముందూ నా భుజం తట్టాడు. నేను రోలు దగ్గర కూర్చుని అక్కకు బెల్లం దంచి ఇచ్చాను. రేపు చెబుదాం అనుకున్నాను. అలాంటి రేపులు పదకొండు వచ్చాయి. టికెట్టు అయిపోయింది, చెప్పినా కంట్రాక్టరు మార్చడు, వానే కదా, వానకు మనిషి పోతాడా? ఇలాంటి కారణాలు చాలా అల్లుకున్నాను, వాటిలో కొన్ని నిజం కూడా. కానీ అసలు సంగతి వేరు. ఆ ఇంట్లో నేను తెలిసినవాణ్ణి. అక్క అన్నం పెట్టి, బావ ఫీజు కట్టి, ఇద్దరూ కలిసి నన్ను అలా తయారు చేశారు. ఆ తెలిసినతనం పోతే వాళ్ళ ముందు నేను ఎవరిగా నిలబడాలో నాకు తెలియలేదు.

బేగంపేట విమానాశ్రయం బయట, కడ్డీల దగ్గర, సంచి భుజానికి తగిలించుకుని బావ ఆగాడు. "వాన ఉండదు గద బామ్మర్ది? ఒక్కపారి మల్ల చెప్పు. రెయిన్‌కోటు ఇంట్లనే ఇడిచిన, బరువెందుకని."

"ఉండదు బావా" అన్నాను.

అంతవరకూ నేను చేసినదాన్ని తప్పు అనవచ్చు, పొగరు అనవచ్చు, పిరికితనం అనవచ్చు. ఆ రెండు మాటలకు అలాంటి మెత్తటి పేరేదీ దొరకదు.

అక్కడ జరిగింది ఆయన ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా తెలిసిందే. దిగిన నాటి నుంచే వానలు. నల్లటి జిగురు నేల, మన రేగడి లాంటిదే. బోర్లు లేవు, పైపులు మోసే లారీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి లాగడమే పని. అలా ఫిబ్రవరిలో ఒక రోజు బండి ఇరుసుల దాకా దిగబడితే, చక్రాల కింద కొమ్మలు వేస్తుండగా అది వెనక్కి జారింది. బావ కుడికాలు దాని కింద పడింది. వాగుల మీద వంతెనలు నీళ్ళలో ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు ఆయన్ని ఒక తలుపు మీద పడుకోబెట్టి, కొంత దూరం మోసి, కొంత పడవలో, కొంత ట్రాక్టరు మీద దవాఖానకు చేర్చేసరికి రెండు రోజులైంది. మోకాలి కింద తీసేశారు. ఆ కబురు మా గల్లీ చివర ఎస్టీడీ బూతుకు వచ్చింది. అక్క ఫోన్ పట్టుకుని "ఎండలనేనా, ఎండలనేనా?" అని ఒకటే అడుగుతోంది. ఎండదెబ్బ అనుకుంది పాపం. ఆ దేశంలో ఆ కాలంలో ఉండేది ఎండే అని నేనే కదా చెప్పింది.

ఆయన తిరిగి వచ్చేసరికి మృగశిర ప్రవేశించి మూడో రోజు. అక్క మళ్ళీ చేపలు తెప్పించి వండింది. చంక కర్రలు గోడకు ఆనించి, గోడకు వీపు ఆనించి ఆయన తిన్నాడు. ఎదురుగా మేకుకు ఆ రెయిన్‌కోటు వేలాడుతూనే ఉంది. నేను మాట కోసం కాచుకుని కూర్చున్నాను. "నౌకరి మంచిగున్నదా బామ్మర్ది?" అని అడిగాడు. "ఉన్నది బావా" అన్నాను. అంతే. తర్వాత పాతికేళ్ళలో ఆ సంగతి మా మధ్య రాలేదు. ఆయన క్షమించాడని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. క్షమించడానికి ఒకరు ముందుగా అడగాలి కదా.

మల్లేశ్ ఆ పనిలోనే నిలబడ్డాడు. మన ఎండాకాలం ఇక్కడ, వాళ్ళ ఎండాకాలం అక్కడ, ఏడాదికి రెండు లెక్కన చాలా ఏళ్ళు చేసి హఫీజ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి బావ కర్రలతోనే వెళ్ళి, మనస్ఫూర్తిగా తిని వచ్చాడు. బావకు కొన్నాళ్ళు ఎస్టీడీ బూతు నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చి అది పోయింది. నానక్‌రామ్‌గూడ పొలాల మీద టవర్లు లేచాక ఒక టవరు కింద, భూమికి మూడు అంతస్తుల లోతున, కార్లకు పార్కింగు చీటీలు ఇచ్చే కుర్చీ దొరికింది. అక్కడే పదహారేళ్ళు. రాయిని వాసన పట్టి పోల్చే మనిషి, ఎండ కోసం సముద్రం దాటిన మనిషి, పొద్దున లోపలికి దిగితే సాయంత్రం దాకా ట్యూబ్‌లైటు కింద. పైన వాన పడుతోందో ఎండ కాస్తోందో లోపలికి వచ్చే కార్ల అద్దాలు చూసి తెలుసుకునేవాడు. అదే టవరులో పద్నాలుగో అంతస్తులో కొన్నాళ్ళు నేనూ పనిచేశాను. అప్పట్లో నాకున్న కారుకు ఆయనే చీటీ ఇచ్చేవాడు. "ఇయ్యాల లేటయింది బామ్మర్ది" అనేవాడు. నేను అద్దం దించి నవ్వేవాణ్ణి.

పది రోజుల తర్వాత వెళ్ళాను. టవర్ల నీడలో మధ్యాహ్నమే మసకగా ఉండే గల్లీలో, అదే ఇల్లు. అక్క డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పొట్లాలన్నీ వరుసగా ఉన్నాయి. ఊర్ల పేర్లు, అడుగులు. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితాన్ని ఆమె వెనకవైపు తిప్పి ఇచ్చింది. బాల్‌పెన్నుతో బావ గుండ్రటి అక్షరాలు, రోజుకో మాట. "వాన. వాన. జర తెరిపి. వాన. బండి దిగబడ్డది. వాన." నిలువుగా నెలల కొద్దీ అలాగే. ఫిబ్రవరిలో ఒక చోట ఆగిపోయింది. తర్వాత వేరే సిరాతో, వంకర చేతితో, కాగితం అడుగున ఉన్న జాగాలో ఇలా ఉంది: "వాన బందయింది. ఆకాశం మన మాఘమాసం లెక్కున్నది. గడ్డి పచ్చగ మంచిగ కనవడుతది దవాఖాన కిటికీల నుంచి. ఇక్కడోళ్ళు మంచోళ్ళు. ఈ దేశం రావాలంటె మే నెల రావాలె."

"గిది చదివిన నేను. ముందర పక్క చెప్పు" అంది అక్క.

తిప్పాను. ఒక్క క్షణం ఏం చేశానో దాచను. ఆమెకు ఇంగ్లీషు రాదు. నెలల పేర్లు మార్చి చదివితే ఆమెకు తెలియదు. నాలుక ఆ వైపు తిరిగింది కూడా. పాతికేళ్ళ తర్వాత, ఆ మనిషి పోయాక కూడా, నాకు మొదట తోచింది అదే. తర్వాత ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. చూడడానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గొడుగు అవసరం రాదు.

ఆమె కాగితం తీసుకుని మళ్ళీ వెనక్కి తిప్పింది. అడుగు వరుస మీద వేలు పెట్టింది. "ఈయన మే అని రాసిండు."

"అవునక్కా."

"నువ్వు నవంబర్ అని రాసినవ్."

"తప్పు రాసిన."

"తెల్వక రాసినవా?"

"రాసేటప్పుడు తెల్వదు. బావ పోయేటప్పుడు తెలుసు."

ఆమె కళ్ళెత్తి చూడలేదు. "ఎన్నొద్దుల ముందుగాల తెలుసు?"

"పదకొండు."

లోపల కుక్కరు రెండుసార్లు కూసింది. ఆమె లేవలేదు. "గరిజలు చేసిన్నాడు తెలుసా నీకు?" అంది.

"తెలుసక్కా. ఆ పొద్దే తెలిసింది."

"పక్కన కూసొని బెల్లం దంచిచ్చినవ్."

"ఊఁ."

"తిన్నవ్ గూడ. వేడివేడియి తిన్నవ్, నోరు కాలిందని నీళ్ళడిగినవ్."

నాకు ఆ సంగతి గుర్తులేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది.

అక్క కాగితాన్ని పాత మడతల మీదే మడిచి డబ్బా అడుగున పెట్టింది. పొట్లాలు ఒక్కొక్కటే దాని మీద పేర్చింది, ఏ ఊరి పక్కన ఏ ఊరు ఉండేదో అలాగే. మూత నొక్కి పెట్టింది. "ఇగ పో. ఆఫీసులిడిచే యాల్లయితది. ఆటోల జాగ దొరకది మల్ల" అంది. తిట్టలేదు, ఏడవలేదు. నన్ను తమ్మీ అని పిలవలేదు. అది నేను రోడ్డు మీదికి వచ్చాక గమనించాను.

ఈ రోజుల్లో ఏ ఊరి వానైనా అరచేతిలో కనిపిస్తుంది. అడిగితే చాలు. అప్పుడూ అడిగితే చాలు. ఒక ఫాక్స్ మళ్ళీ పంపమని అడగడం, మల్లేశ్ మాట నిజమేమో అని నన్ను నేను అడగడం. అప్పటి మాదాపూర్ రాళ్ళను, అప్పటి గాలిని తలుచుకుని నా వయసువాళ్ళు నిట్టూరుస్తుంటారు. నాకు ఆ కాలం తిరిగి రావాలని లేదు. ఆ కాలంలో నేను ఉన్నాను.

మొన్న మృగశిర ప్రవేశించింది. మధ్యాహ్నం దాకా మా ఆవిడ పొయ్యి మీద అన్నం తప్ప ఏమీ పెట్టలేదు, ఏటా లాగే. రెండయ్యాక వచ్చి, "వదిన క్యారేజీ ఇంకా రాలేదేం?" అని అడిగింది. "ఈ ఏడు రాదు" అన్నాను. బాల్కనీ బయట మబ్బు కమ్మి వాన మొదలైంది, గోపన్‌పల్లి అపార్టుమెంట్లన్నీ ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి. ఫోన్ తీసి జాంబియాలో ఆ దవాఖాన ఉన్న ఊరి పేరు కొట్టి చూశాను. అక్కడ ఎండ.